హెచ్‌డీ బాక్సు, ఫోర్‌కే టీవీ ఉన్నా మసక బొమ్మ: బ్రాడీపేటలో ఒక ఇంటి కేసు

గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇల్లు. సంక్రాంతికి కొడుకు హైదరాబాద్ నుంచి 55 అంగుళాల ఫోర్‌కే టీవీ కొని పంపించాడు. తెచ్చినవాళ్లు దాన్ని గోడకి బిగించి, పాత టీవీకి ఉన్న వైర్లనే దీనికీ తగిలించి వెళ్లిపోయారు. అప్పటిదాకా హాల్లో ఉన్న 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ వంటింట్లోకి మారింది. టీవీ, డిష్ పనులు చేసే నన్ను పిలిచేసరికి ఇంట్లో అందరిదీ ఒకటే మాట, దీని కన్నా పాతదే నయమని. కొడుకు ఫోన్ చేసి, "అన్నా, మీరు చూసి చెప్పండి. టీవీదే తప్పయితే వెనక్కి పంపేస్తాను, రిటర్న్ గడువు దగ్గర పడింది" అన్నాడు.

నాకన్నా ముందే ఇద్దరు ముగ్గురు చూసి వెళ్లారు. ఒకాయన డాబా ఎక్కి డిష్ తిప్పాడు. ఇంకొకాయన బాక్సు పాతబడింది, కొత్తది తీసుకోండన్నాడు. మూడో ఆయన బంగారు పూత ఉన్న ఖరీదైన వైరు వేస్తే బొమ్మ మెరుస్తుందన్నాడు. మాస్టారికి ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్ పట్టుకుంది.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటుంది. "బొమ్మ బాగోలేదు" అన్న ఒక్క ఫిర్యాదు కింద ఈ ఇంట్లో మూడు వేర్వేరు తప్పులున్నాయి. దేని మందు దానిదే. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే డబ్బు పోతుంది తప్ప బొమ్మ మారదు. మా పనిలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోందని నా గట్టి నమ్మకం.

మసక వేరు, గళ్లు వేరు

స్క్రూడ్రైవర్ తీయకముందు కాసేపు కూర్చుని టీవీ చూశాను. "మీరు రోజూ చూసేవే పెట్టండి మాస్టారూ, నాకోసం వేరే ఏమీ పెట్టొద్దు" అన్నాను. ఆయన ఒక వార్తా ఛానల్ పెట్టారు. కింద పోయే స్క్రోలింగ్‌లో ఒత్తులు కలిసిపోయి ముద్దలా ఉన్నాయి. 'క్ష'కీ 'క్క'కీ తేడా తెలియడం లేదు. వార్తలు చదివే అమ్మాయి ముఖం బాగా వెడల్పుగా ఉంది. ఎర్ర చీర అంచు నుంచి రంగు పక్కకి కారినట్టుంది. స్క్రోలింగ్ చివరి అక్షరాలు తెర బయటకి పోయాయి.

ఇంతలో అమ్మగారు క్యాలెండర్ కాగితం ఒకటి తెచ్చి ఇచ్చారు. ఏ ఛానళ్లు గళ్లు గళ్లుగా పగిలి ఆగిపోతున్నాయో దాని వెనక నంబర్లు రాసి పెట్టుకున్నారు. "పొద్దున్నే భక్తి కార్యక్రమం పెడితే పగిలిపోతుంది బాబూ. మధ్యాహ్నం సీరియల్‌కి మాత్రం ఏమీ కాదు" అన్నారు. ఈ కేసులో నాకు దొరికిన ఆధారాలన్నిట్లోకీ గట్టిది ఆ కాగితమే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. డిష్ నుంచి వచ్చేది డిజిటల్ సిగ్నల్. దారిలో పోయిన అంకెల్ని సరిచేసుకునే ఏర్పాటు ఆ సిగ్నల్‌లోనే ఉంటుంది. ఆ ఏర్పాటు తట్టుకున్నంత వరకూ బొమ్మ పూర్తిగా, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. తట్టుకోలేని గీత దాటితే గళ్లు పడతాయి, మాట తెగుతుంది, చివరికి తెర నల్లబడుతుంది. మధ్యలో 'కొంచెం మసక' అనే దశ ఉండదు. బాక్సు మెనూలో సిగ్నల్ క్వాలిటీ 65 చూపించినా 90 చూపించినా తెరమీద బొమ్మ ఒకటే. వెనకటి యాంటెన్నా రోజుల్లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడేవి, నీడలు వచ్చేవి. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ మసకగా ఉందనగానే డిష్ తిప్పడానికి డాబా ఎక్కుతున్నారు. మసకకి డిష్‌తో సంబంధం లేదు. అది ఎక్కువగా బాక్సు వెనక నుంచి టీవీ తెర దాకా ఉన్న రెండు మీటర్లలో పుట్టే జబ్బు. గళ్లు మాత్రం డిష్ నుంచి బాక్సు దాకా ఉన్న దారిలో పుడతాయి. మనిషి వెడల్పుగా కనిపించడం ఈ రెండూ కాదు, అది పూర్తిగా సెట్టింగుల వ్యవహారం.

పసుపు పిన్ను

టీవీని గోడ నుంచి కాస్త ముందుకి లాగి చూస్తే అనుకున్నదే. బాక్సు నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ వైరు వస్తోంది. దాన్ని టీవీతో ఇచ్చిన చిన్న అడాప్టర్‌కి గుచ్చి, అడాప్టర్‌ని టీవీ ఏవీ రంధ్రంలో పెట్టారు. బాక్సు హెచ్‌డీ బాక్సు. కొన్నేళ్ల కిందట పాత బాక్సు పాడైతే దాని బదులు ఇచ్చింది. అప్పటి నుంచి హెచ్‌డీ ప్యాక్‌కి నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నారు. పాత టీవీకి ఏవీ తప్ప దారి లేదు కాబట్టి అప్పుడు అది సరే. టీవీ మారాక కూడా ఆ వైరే ఉండిపోయింది. అంటే ఇన్నేళ్లుగా డబ్బు కట్టిన హెచ్‌డీ బొమ్మ, బాక్సు లోపలి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

పసుపు పిన్ను ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా తెలుస్తుంది. మన దేశంలో వాడిన పాల్ (PAL) అనే పాత అనలాగ్ టీవీ పద్ధతిలో తెరమీద కనిపించే గీతలు 576. పసుపు వైరు మోయగలిగేది అంతే. హెచ్‌డీ ఛానల్లో 1080 గీతలు వస్తున్నా బాక్సు వాటిని 576కి కుదించి పసుపు వైరులోకి వదులుతుంది. అంతకన్నా పెద్ద నష్టం రంగుది. ఆ ఒక్క తీగలోనే వెలుగు నీడల సమాచారం, రంగుల సమాచారం కలిపి పంపాలి. రంగు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. బొమ్మలోని సన్నటి వివరాలు ఉండే చోటు కూడా అదే. అవతల టీవీ ఆ రెండిటినీ మళ్లీ విడదీయాలి. పాలూ నీళ్లూ వేరు చేయడానికి టీవీ హంస కాదు గదా. పూర్తిగా విడదీయలేదు. అందుకే సన్నగీతల చొక్కా మీద ఇంద్రధనుస్సు రంగులు పారతాయి, ఎర్ర అంచుల మీద చుక్కలు పాకుతాయి, ఒత్తులు కలిసిపోతాయి. 21 అంగుళాల ట్యూబ్ మీద ఇవన్నీ కంటికి ఆనవు. 55 అంగుళాల మీద దాగవు.

ఇంకో లెక్క మాస్టారికి కాగితం మీద వేసి చూపించాను, లెక్కల మాస్టారు కాబట్టి వెంటనే పట్టుకున్నారు. ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు) బొమ్మ అంటే 720 చుక్కల వెడల్పు, 576 ఎత్తు. మొత్తం 4,14,720 చుక్కలు. ఫోర్‌కే తెర 3840 వెడల్పు, 2160 ఎత్తు. మొత్తం 82,94,400. భాగిస్తే సరిగ్గా 20. అంటే వచ్చిన ఒక్కో చుక్కకి టీవీ ఇరవై చుక్కలు నింపాలి, అందులో పంతొమ్మిది తనే ఊహించుకోవాలి. అదే హెచ్‌డీ అయితే 1920 గుణించు 1080, ఒక చుక్కకి నాలుగే. "మరి చిన్న టీవీ నయం అనిపించడంలో తప్పు లేదన్నమాట" అన్నారాయన. నిజంగానే తప్పు లేదు. చెడ్డ బొమ్మని పెద్ద తెర పెద్దగానే చూపిస్తుంది.

కొత్త వైరు కొనాల్సిన పని కూడా పడలేదు. బాక్సుతో వచ్చిన హెచ్‌డీఎంఐ వైరు అటక మీద అట్టపెట్టెలో అలాగే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. మూడో ఆయన చెప్పిన ఖరీదైన వైరు గురించి మాస్టారు అడిగారు. హెచ్‌డీఎంఐలో పోయేవి అంకెలు. అవి అవతలికి చేరితే పూర్తిగా చేరతాయి. చేరకపోతే తెరమీద తెల్ల చుక్కలు మిణుకుమంటాయి, లేదా బొమ్మ మధ్యమధ్యలో పోయి వస్తుంది. బంగారు పూత వల్ల రంగు పెరగదు, పదును పెరగదు. డీటీహెచ్ పంపే 1080ఐ హెచ్‌డీ బొమ్మకి మామూలు రకం హెచ్‌డీఎంఐ వైరు చాలు. రెండు మీటర్ల దూరానికి ఇంతకన్నా ఖర్చు పెట్టమని ఎవరు చెప్పినా వినొద్దు. దూరం పది పదిహేను మీటర్లయితే అది వేరే లెక్క, అప్పుడు వైరు నాణ్యత చూసుకోవాల్సిందే.

గోడ టీవీల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. వెనక వైపు రంధ్రంలో పెడితే గోడకీ టీవీకీ మధ్య వైరు మడత పడి పిన్ను మీద బరువు పడుతుంది. నాలుగు నెలల్లో రంధ్రం వదులవుతుంది. అందుకని పక్క వైపు ఉన్న హెచ్‌డీఎంఐ ఎంచుకున్నాను. ఏఆర్‌సీ అని రాసి ఉన్నది వదిలేశాను. రేపు సౌండ్‌బార్ కొంటే దానికి అదే కావాలి.

వైరు పెట్టినంత మాత్రాన పని అయిపోదు

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. సోర్స్ మార్చి హెచ్‌డీఎంఐ పెట్టగానే బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది, ఇంట్లోవాళ్లు "ఆహా" అంటారు, మనం డబ్బు తీసుకుని బయల్దేరతాం. కానీ అసలు పని అప్పుడే మొదలవుతుంది.

మాస్టారి బాక్సు మెనూలోకి వెళ్తే వీడియో ఔట్‌పుట్ 720పీ (720 గీతల నిండు బొమ్మ) మీద ఉంది. టీవీ రకం 4:3 అని ఉంది, పక్కలు కత్తిరించే పద్ధతిలో. రెండూ పాత రోజుల మిగుళ్లే.

ముందు రెండోది చూద్దాం, మనిషి వెడల్పు సంగతి ఇందులోనే ఉంది. బాక్సు తన అవతల ఉన్నది దాదాపు చదరంగా ఉండే పాత 4:3 తెర అనుకుంటోంది. 16:9, అంటే వెడల్పాటి కొత్త తెరల కొలతలో బొమ్మ వస్తే రెండు పక్కలా కత్తిరించి 4:3గా పంపుతోంది. టీవీ ఏమో వచ్చిన 4:3 బొమ్మని తెరంతా నిండేలా సాగదీస్తోంది. ఫలితంగా పక్కలు పోయాయి, మిగిలిన మనుషులు మూడో వంతు వెడల్పెక్కారు. ఇలాంటి చోట టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కి సరిచేయబోతే బాక్సు ఒకసారి, టీవీ ఇంకోసారి పట్టుకుని బొమ్మని మరింత పాడుచేస్తాయి. బాక్సుకి 16:9 అని చెప్పాలి, టీవీని వచ్చిన బొమ్మ జోలికి వెళ్లొద్దని చెప్పాలి. రెండో సెట్టింగ్ పేరు ఒక్కో టీవీలో ఒక్కోలా ఉంటుంది, స్క్రీన్ ఫిట్ అనో, జస్ట్ స్కాన్ అనో, ఫుల్ పిక్సెల్ అనో. అది పెట్టకపోతే ట్యూబ్ టీవీల కాలం నాటి అలవాటుగా టీవీ నాలుగు అంచులా కొంత కోసేసి మిగతాది పెద్దది చేస్తుంది. కోసిన చోట స్క్రోలింగ్ పోతుంది, పెద్దది చేసిన చోట పదును పోతుంది. ఛానల్ లోగో, కింద స్క్రోలింగ్ రెండూ పూర్తిగా కనిపిస్తే ఇది సరిగ్గా ఉన్నట్టు.

ఇక ఔట్‌పుట్ సంగతి. దీని మీద మా వాళ్లలోనే రకరకాల అభిప్రాయాలున్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన హెచ్‌డీ ఛానళ్లు మామూలుగా 1080ఐలో వస్తాయి. ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు, సెకనుకి 50 సగం బొమ్మలు. ఎవరో ఒకరు ఆ సగాలని కలిపి నిండు బొమ్మ చేయాలి. 720పీ పెడితే ఆ పని బాక్సు చేస్తుంది, చేసి 1080ని 720కి తగ్గిస్తుంది. అవతల టీవీ ఆ 720ని మళ్లీ 2160కి పెంచుతుంది. తగ్గించి పెంచడమంటే మధ్యలో కొంత పోగొట్టుకోవడమే. 1080పీ పెడితే తగ్గించడం ఉండదు కానీ సగాలని కలిపే పని బాక్సుదే. బాక్సులో ఆ పనికి ఉండే చిప్పు సాధారణంగా చవకది. ఈమధ్య టీవీల్లో ఆ పని చాలా బాగా చేస్తున్నారు. అందుకే నేను 1080ఐ వైపు మొగ్గుతాను. ఎలా వచ్చింది అలా టీవీకి ఇచ్చేస్తే, కలపడం, పెంచడం ఒకే చోట, ఒకేసారి జరుగుతాయి.

మాట మీద కాకుండా కంటితో తేల్చుకోవడానికి క్రికెట్ పెట్టించాను. బౌలర్ పరుగెత్తుతున్నప్పుడు కాళ్ల అంచులు చూడాలి, కెమెరా బంతి వెంట తిరిగినప్పుడు బౌండరీ పక్క ప్రకటనల అక్షరాలు చూడాలి. 1080పీలో ఆ అంచులు పళ్లు పళ్లుగా కనిపించాయి. 1080ఐలో నున్నగా వచ్చాయి. ఇంకో ఇంట్లో ఇంకో బాక్సుతో ఇది తిరగబడొచ్చు. అందుకే రెండూ పెట్టి చూడమంటాను.

'ఒరిజినల్' అని ఇంకో ఎంపిక కొన్ని బాక్సుల్లో ఉంటుంది. ఎస్‌డీ ఛానల్‌ని 576గా, హెచ్‌డీ ఛానల్‌ని 1080గా, ఉన్నది ఉన్నట్టు పంపుతుంది. బొమ్మ నాణ్యత ఒక్కటే చూస్తే అన్నిటికన్నా మంచిది అదే, ఎందుకంటే ఎస్‌డీని పెంచే పని కూడా టీవీకే దక్కుతుంది. కానీ ఎస్‌డీ నుంచి హెచ్‌డీకి మారిన ప్రతిసారీ టీవీ, బాక్సు మళ్లీ పలకరించుకోవాలి, తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది. పెట్టి చూపించాను. నాలుగు ఛానళ్లు తిప్పేసరికి అమ్మగారు "ఇది మళ్లీ పోయింది బాబూ" అన్నారు. పెద్దవాళ్లున్న ఇంట్లో అది రోజూ గాబరా. నల్లబడని 1080ఐ మీదే ఉంచేశాను. బొమ్మలో వెంట్రుకవాసి తేడా కోసం ఇంట్లో మనశ్శాంతి పోగొట్టకూడదు.

టీవీలో చేసిన మార్పులు

ఏవీలో ఉన్నప్పుడు మసక పోవాలని ఎవరో షార్ప్‌నెస్ చివరిదాకా పెంచేశారు. చాలా టీవీల్లో ఒక్కో ఇన్‌పుట్‌కి సెట్టింగులు విడిగా ఉంటాయి. ఏవీలో చేసినవి హెచ్‌డీఎంఐకి రావు. అలాగే ఏవీలో మంచివి చేసి ఉన్నా ఇక్కడ మళ్లీ చేయాల్సిందే. హెచ్‌డీఎంఐలో పిక్చర్ మోడ్ వివిడ్ మీద ఉంది. అది షాపులో పక్క టీవీని ఓడించడానికి పెట్టే మోడ్. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ముఖాలు నారింజ రంగుకి తిరుగుతాయి, పసుపు రంగు చీర మీద జరీ కనిపించదు. స్టాండర్డ్‌కి మార్చి, రంగు కాస్త తగ్గించి, షార్ప్‌నెస్‌ని బాగా కిందికి దింపాను. షార్ప్‌నెస్ వివరాన్ని తేదు. అంచు పక్కన తెల్ల గీత గీసి పదును ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుంది. స్క్రోలింగ్ అక్షరాల చుట్టూ తెల్ల నీడ పోయేదాకా తగ్గిస్తే సరిపోతుంది.

రాత్రి సన్నివేశాల్లో నలుపు బూడిదలా ఉందా, లేక నల్లజుట్టూ నల్లకోటూ ఒకటైపోయాయా అన్నది కూడా చూడాలి. వీడియో సిగ్నల్లో వెలుగుని అంకెలతో కొలిస్తే నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. టీవీ 0 నుంచి 255 అనుకుంటే నలుపు బూడిదవుతుంది. ఇక్కడ హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ ఆటోలోనే సరిగ్గా పట్టుకుంది, ముట్టుకోలేదు. కరెంటు ఆదా చేసే సెన్సర్ మాత్రం ఆపేశాను, సాయంత్రం లైటు ఆర్పితే అది తెరని మరీ చీకటి చేస్తోంది. కదలికని నున్నగా చేసే మోడ్ తక్కువలో పెట్టాను. ఎక్కువలో పెడితే క్రికెట్ బంతి చుట్టూ నీడలు వస్తున్నాయి.

ఇవన్నీ అయ్యాక ఇంకో సంగతి బయటపడింది. ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, జెమిని అన్నిటికీ హెచ్‌డీ ఛానళ్లున్నాయి, ప్యాక్‌లో కూడా ఉన్నాయి. కానీ ఇంట్లో వేళ్లకి అలవాటైనవి పాత ఎస్‌డీ నంబర్లు. అవే నొక్కుతున్నారు. ఫేవరెట్ జాబితాలో హెచ్‌డీవి మాత్రమే ఉంచి, కొత్త నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి రిమోట్ పక్కన పెట్టాను. తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు ఎస్‌డీలోనే వస్తున్నాయి. అవి ఎంత చేసినా హెచ్‌డీ అంత బాగుండవని ముందే చెప్పేశాను. చెప్పకపోతే రేపు మళ్లీ ఎవరో డాబా ఎక్కుతారు.

అమ్మగారి కాగితం

ఇప్పుడు గళ్ల సంగతి. కాగితం మీది నంబర్లని బాక్సు సమాచార తెరతో సరిపోల్చి చూశాను. పగులుతున్న ఛానళ్లన్నీ రెండు మూడు ట్రాన్స్‌పాండర్లవే (ఉపగ్రహంలో కొన్ని ఛానళ్లని కలిపి ఒకే ఫ్రీక్వెన్సీలో పంపే సాధనాలు). మిగతావి ఎప్పుడూ పగలవు. డిష్ గురి తప్పితే సాధారణంగా అన్నీ ఒకేలా బలహీనపడతాయి. పైగా పొద్దున పగిలి మధ్యాహ్నానికి బాగవడం డిష్ గురి చేసే పని కాదు. జనవరిలో గుంటూరులో తెల్లవారుజామున మంచు కురుస్తుంది, పది దాటాక ఎండకి ఆరిపోతుంది. ఎక్కడో తడి చేరుతోందని నాకు అప్పుడే అనిపించింది.

ఆ ట్రాన్స్‌పాండర్ల ఫ్రీక్వెన్సీ చూస్తే అన్నీ పై అంచున ఉన్నవి. దీని వెనక కారణముంది. 36 వేల కిలోమీటర్ల నుంచి వచ్చిన సిగ్నల్‌ని ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే భాగం) 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకి దింపి వైరులోకి పంపుతుంది. వైరులో ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ నష్టం పెరుగుతుంది. వైరు బాగున్నప్పుడు ఆ తేడా లెక్కలోకి రాదు. ఎక్కడైనా నీరు చేరినా, అతుకు చెడినా ముందు దెబ్బతినేది పై అంచు. కొన్ని ఛానళ్లే పగలడం, అది కూడా పొద్దున్నే పగలడం, ఈ రెండూ కలిపి చూస్తే వైరునే చూపిస్తున్నాయి.

డాబా మీద నా సిగ్నల్ మీటరుని ఎల్‌ఎన్‌బీకి చిన్న కొత్త వైరు ముక్కతో తగిలించాను. ఆ ట్రాన్స్‌పాండర్లు కూడా నిలకడగా, బలంగా వచ్చాయి. డిష్ దగ్గర సిగ్నల్ బాగుంది, బాక్సు దగ్గర లేదు. తప్పు మధ్యలోనే ఉంది. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే ఆ డిష్‌ని తిప్పాల్సిన అవసరమే ఎవరికీ వచ్చేది కాదు.

వైరు వెంట నడుచుకుంటూ పోతే పిట్టగోడ దగ్గర దొరికింది. రంగులు వేసినప్పుడు వైరు తెగితే రెండు కొసలూ మెలిపెట్టి, కరెంటు టేపు చుట్టేశారు. టేపు విప్పితే లోపల చెమ్మ, అల్లిక తీగలన్నీ చిలుం పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. డిష్‌కి వాడే ఆర్‌జీ-6 వైరు 75 ఓంల వైరు. మధ్య తీగ, దాని చుట్టూ తెల్ల ఫోమ్, ఆపైన అల్లిక, ఈ కొలతలన్నీ కలిసి ఆ 75ని కాపాడతాయి. కరెంటు వైరులా మెలిపెడితే ఆ చోట కొలత చెడి సిగ్నల్ కొంత వెనక్కి తన్నుతుంది. నీరు చేరితే అల్లిక వెంట ఫోమ్‌లోకి పాకి మీటర్ల కొద్దీ పాడుచేస్తుంది. అందుకే అతుకు మాత్రం మార్చి ఊరుకోకూడదు.

బాక్సు ప్లగ్ తీసేయించాను. ఆ వైరులోనే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పోతుంది. నడుస్తుండగా మధ్య తీగ అల్లికకి తగిలితే బాక్సు దెబ్బతినొచ్చు. డిష్ నుంచి బాక్సు దాకా అతుకు లేకుండా ఒకే కొత్త వైరు వేశాను. వైరు చివర బిగించే ఎఫ్ కనెక్టర్‌లో మధ్య తీగ రెండు మూడు మిల్లీమీటర్లు బయటకి రావాలి, అల్లిక వెంట్రుక ఒక్కటి కూడా దానికి తగలకూడదు. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ మీద నీరు చొరబడని రబ్బరు టేపు చుట్టి, దాని కింద వైరుని ఒక వంపు కిందికి వేలాడదీశాను. వాన నీళ్లు కనెక్టర్ వైపు పారకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఖర్చు లేని పని, కానీ నేను చూసే ఇళ్లలో చాలా చోట్ల ఉండదు.

ముందు వచ్చిన ఆయన తిప్పిన డిష్‌ని కూడా ఒకసారి సరిచూశాను. గుంటూరు తూర్పు రేఖాంశం 80.4 డిగ్రీల దగ్గర ఉంది. ఉదాహరణకి డీడీ ఫ్రీ డిష్ వచ్చే ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పున ఉంది. ఇక్కడి నుంచి అది ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా, సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 83 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-10 అయితే దాదాపు నేరుగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తులో. మన ఇళ్ల మీది ఆఫ్‌సెట్ (ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాక కిందికి జరిపి ఉండే) డిష్‌ల ముఖం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, కంటి అంచనాతో తిప్పేవాళ్లు పొరబడేది ఇక్కడే. మీటరు చూస్తూ కొద్దిగా సవరిస్తే క్వాలిటీ ఇంకాస్త పెరిగింది. దానివల్ల బొమ్మ పదును పెరగలేదు, పెరగదు కూడా. వాన వచ్చినప్పుడు కొంత ఎక్కువసేపు నిలబడుతుంది, దాని లాభం అంతవరకే. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ ఫ్రీక్వెన్సీల్లో జోరువానకి సిగ్నల్ పోవడం సహజం, వాన తగ్గితే తిరిగొస్తుంది. ఆ సమయంలో ఎవరినీ పిలవొద్దని మాస్టారికి చెప్పాను.

వంటింటి టీవీ

అంతా అయిందనుకుంటుండగా వంటింట్లోంచి అమ్మగారు పిలిచారు. పాత టీవీకి కూడా ఇదే బాక్సు నుంచి పొడవాటి ఏవీ వైరు వేసుకున్నారు. హాల్లో ఏది పెడితే వంట చేసుకుంటూ అదే చూస్తారు. ఆ వైరు కోసం బాక్సు దగ్గర పసుపు పిన్నుకి రెండు దారుల జాయింట్ ఉంది. ఈ బాక్సులో హెచ్‌డీఎంఐ వాడుతున్నా ఏవీ కూడా పనిచేస్తుంది కాబట్టి, జాయింట్ తీసేసి వంటింటి వైరుని నేరుగా పెట్టాను. వెలుగు పెరిగింది. ఒకే సిగ్నల్‌ని రెండు టీవీలకి పంచితే రెండిట్లోనూ వెలుగు తగ్గుతుంది.

కానీ బాక్సుకి ఇప్పుడు 16:9 అని చెప్పాం. ఏవీకి వేరే సెట్టింగ్ లేదు. దాంతో వంటింటి ట్యూబ్ టీవీలో మనుషులు సన్నగా, పొడుగ్గా తయారయ్యారు. "హాల్లో వాళ్లు తగ్గారు, ఇక్కడ వీళ్లు చిక్కిపోయారేంటి" అన్నారు అమ్మగారు. అదృష్టం కొద్దీ ఆ టీవీ చివరి రోజుల ఫ్లాట్ ట్యూబ్ మోడల్. మెనూలో 16:9 అని ఒక ఎంపిక ఉంది. అది పెడితే బొమ్మని ఎత్తులో నొక్కి, పైనా కిందా నల్ల పట్టీలతో సరైన కొలతలో చూపిస్తోంది. తెర కొంత చిన్నదైంది. ఆమెకి అది నచ్చలేదు, మనుషులు మనుషుల్లా ఉన్నారు కాబట్టి ఒప్పుకున్నారు. ఆ ఎంపిక లేని పాత టీవీ అయ్యుంటే రెండో బాక్సు తప్ప దారి ఉండేది కాదు.

కొడుక్కి వీడియో కాల్‌లో హాలు టీవీ చూపించి, రిటర్న్ అక్కర్లేదని చెప్పాను. తర్వాతి వారం మాస్టారు ఫోన్ చేశారు. పొద్దుటి భక్తి కార్యక్రమం పగలకుండా వస్తోంది. ఒక హెచ్‌డీ ఛానల్లో మాత్రం మాటకీ పెదాలకీ కుదరడం లేదన్నారు. టీవీ బొమ్మని తీర్చిదిద్దడానికి తీసుకునే సమయం వల్ల అలా జరగొచ్చు. టీవీ మెనూలో కదలిక నున్నదనాన్ని పూర్తిగా ఆపేయమని ఫోన్లోనే చెప్పాను, అది తగ్గింది. మిగిలిన కొద్ది తేడాకి బాక్సులో ఆడియో డిలే సవరించాల్సి ఉంది, అటువైపు వెళ్లినప్పుడు చేసి వస్తాను.